బొమ్మలమ్ముకున్న బంగళా

బ్రిటన్ మొట్టమొదటి ప్రధానమంత్రి ఎవరు అంటే రాబర్ట్ వాల్పోల్ అని మనలో చాలామందిమి క్విజ్ పుస్తకాల్లో చదువుకున్నవాళ్ళమే. అంతకు మించి ఆయన గురించి తెలుసుకోవాల్సిన అవసరం మనకెప్పుడూ రాలేదు. కానీ ఆయనకి ఇంకో ముఖం ఉంది. మనిషి బొమ్మల పిచ్చోడు. నార్ఫోక్ జిల్లాలో హౌటన్ హాల్ అని పెద్ద బంగళా కట్టించి, ఇటలీ నుంచీ హాలండ్ నుంచీ ఫ్రాన్స్ నుంచీ నాలుగు వందలకు పైగా తైలవర్ణ చిత్రాలు పోగేశాడు. ప్రధానమంత్రి జీతంతో ఇన్నెలా కొన్నాడు అని మీకు అనుమానం వస్తే, ఆ అనుమానం ఆ కాలపు జనానికి కూడా వచ్చింది లెండి :)

1745లో ఆయన పోయేనాటికి మిగిలినవి బంగళా, బొమ్మలు, బోలెడు అప్పులు. పెద్ద కొడుకు కొన్నేళ్ళు లాక్కొచ్చాడు. తర్వాత ఆస్తి మనవడు జార్జి చేతికొచ్చింది. ఆయనగారికి వేటకుక్కల మీదున్న శ్రద్ధ బొమ్మల మీద లేదు. చివరికి 1779లో మేలైన 204 చిత్రాలని 40 వేల పౌండ్లకు కాస్త పైన ఖరీదుకి రష్యా మహారాణి కేథరిన్‌కి అమ్మేశాడు. అవన్నీ ఓడెక్కి సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళి, ఇప్పుడు మనం హెర్మిటేజ్ అని పిలుచుకునే మ్యూజియంలో చేరాయి.

అంతకు రెండేళ్ళ ముందే, 1777లో, జాన్ విల్క్స్ అనే సభ్యుడు పార్లమెంటులో లేచి, ఈ బొమ్మలని ప్రభుత్వమే కొని, బ్రిటిష్ మ్యూజియం ఆవరణలో ఒక గ్యాలరీ కట్టి, జనానికి చూపించాలని అడిగాడు. ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు పట్టించుకోనివాళ్ళు బొమ్మలు వెళ్ళిపోయాక మాత్రం జాతికి జరిగిన అవమానం అని గుండెలు బాదుకున్నారు. రెండువందల యాభై ఏళ్ళు కావస్తున్నా ఆ బాధ పూర్తిగా తగ్గినట్టు లేదు. ఈ అమ్మకం గురించి ఇంగ్లీషులో ఎక్కడ చదివినా, ఇంట్లోంచి దొంగలెత్తుకెళ్ళినంత బాధ కనిపిస్తుంది.

ఈ బాధ మీద నాకు కొంచెం పేచీ ఉంది. అదే ఈ టపా సంగతి.

అసలు ఆ బొమ్మలు వాల్పోల్‌కి ఎక్కడినుంచి వచ్చాయి? ఒకదాన్ని చూద్దాం. వాన్ డైక్ 1632లో గీసిన లార్డ్ వార్టన్ చిత్రం ఉంది. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, చేతిలో గొర్రెలకాపరి కర్ర, కళ్ళలో కాస్త దిగులు, బోలెడు గీర. ఆ చిత్రం వార్టన్ వంశంలోనే తొంభై ఏళ్ళ దాకా ఉంది. తర్వాత ఆ వంశంలో పుట్టిన ఒక డ్యూక్‌గారు సౌత్ సీ కంపెనీ షేర్లలో డబ్బు తగలేసుకుని, ఇంట్లో ఉన్న వాన్ డైక్‌లన్నీ 1725 ప్రాంతంలో అమ్ముకున్నాడు. కొన్నదెవరు? మన వాల్పోల్ గారే. అంటే ఒక దొరగారి దివాలా ఇంకో దొరగారి సేకరణ అయింది. మళ్ళీ ఆయన మనవడి దివాలా ఒక మహారాణి సేకరణ అయింది. ఇందులో మొదటిది గొప్ప అభిరుచి, రెండోది జాతీయ విపత్తు ఎలా అయ్యాయో నాకైతే అర్థం కాదు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే మరీ తమాషాగా ఉంటుంది. ఇంగ్లండు రాజుల్లో బొమ్మల పిచ్చి అందరికంటే ఎక్కువ ఉన్నవాడు మొదటి చార్లెస్. ఇటలీలో మాంటువా పాలకులు గొంజాగా వంశంవాళ్ళు తరతరాలుగా కూడబెట్టుకున్న బొమ్మలని, వాళ్ళు అప్పుల్లో మునిగినప్పుడు, 1627-28లో దళారుల ద్వారా మూటగట్టి లండన్‌కి తెప్పించుకున్నాడు. టిషన్, రాఫెల్, మాంటెన్యా... అన్నీ. ఆ రోజుల్లో మాంటువా జనం ఏడ్చారు. ఆ ఏడుపు లండన్‌లో ఎవరికీ వినపడలేదు.

తర్వాత కథ మీకు తెలిసే ఉంటుంది. పార్లమెంటుతో యుద్ధం, ఓటమి, 1649 జనవరి 30న తల తీసేయడం. కొత్త ప్రభుత్వం రాజుగారి సామాన్లన్నీ అమ్మకానికి పెట్టింది. ఈ అమ్మకంలో నాకు బాగా నచ్చే ఘట్టం ఒకటుంది. రాజుగారు బతికుండగా చాలామంది పనివాళ్ళకి డబ్బు బాకీ పడ్డాడు. కొత్త ప్రభుత్వం దగ్గర చాలినంత రొక్కం లేదు. బొమ్మలు మాత్రం దండిగా ఉన్నాయి. దాంతో బాకీల కింద బొమ్మలే పంచారు. రాజమహల్లో పైపులు, సీసపు తొట్లు బాగుచేసిన జాన్ ఎంబ్రీ అనే ప్లంబర్‌కి రావాల్సిన డబ్బులో కొంత భాగం కింద బసానో గీసిన జలప్రళయం చిత్రం దక్కింది. నీళ్ళ పనివాడికి జలప్రళయం! కావాలని చేశారో, యాదృచ్ఛికమో :)

కళాచరిత్ర రాసేవాళ్ళు చాలామంది దీన్నొక అపహాస్యంలా చెప్తారు. మహత్తర చిత్రాలు చివరికి ప్లంబర్ల పాలయ్యాయీ అని. నాకు మాత్రం ఆ ప్లంబరు మీదే సానుభూతి. ఆయన పని చేశాడు. బిల్లు ఇచ్చాడు. ఏళ్ళ తరబడి తిరిగాడు. రాజుగారు అదే కాలంలో వేల పౌండ్లు పోసి ఇటలీ నుంచి బొమ్మలు తెప్పించుకుంటున్నాడు. ఆ బొమ్మల ఖరీదులో ప్లంబర్‌కి ఎగ్గొట్టిన కూలీ కూడా ఉందా లేదా? దొరల సేకరణల గురించి చదివేటప్పుడు "అద్భుతమైన అభిరుచి" అనే మాట కనపడ్డ ప్రతిసారీ నాకు ఈ బిల్లే గుర్తొస్తుంది. కాంట్రాక్టు పని చేసి, ఇన్‌వాయిస్ పంపి, మూడు నెలలు ఫాలో-అప్ మెయిళ్ళు కొట్టినవాడికెవడికైనా ఇది అర్థమవుతుంది.

తర్వాతేమైంది అంటే, 1660లో రెండో చార్లెస్ గద్దెనెక్కగానే, మా నాన్న సామాన్లు నాకివ్వండి అని వసూలు మొదలుపెట్టాడు. ఇంగ్లండులో ఉండిపోయినవాళ్ళ దగ్గర్నుంచి చాలావరకు వెనక్కొచ్చాయి. దేశం దాటినవి మాత్రం రాలేదు. స్పెయిన్ రాయబారి గుట్టుగా కొనిపించినవి ఇప్పుడు మాడ్రిడ్‌లో ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి, ఫ్రాన్స్ చేరినవి కొన్ని లూవ్ర్‌లో ఉన్నాయి. రాజు ఒక్కడే చూసుకుని మురిసిపోవాల్సిన బొమ్మలని ఇప్పుడు టికెట్ కొనుక్కుని ఎవరైనా చూడొచ్చు. చెదిరిపోవడం వల్ల నష్టపోయిందెవరు?

ఇంతవరకూ చదివి, అయితే నువ్వు ఎవరు ఏది అమ్ముకున్నా ఫర్వాలేదు అనే బాపతా అని మీరడగొచ్చు. కాదు. వాల్పోల్ బొమ్మల తర్వాతి మజిలీ చూస్తే ఎందుకు కాదో తెలుస్తుంది.

1917 విప్లవం తర్వాత హెర్మిటేజ్ ప్రజల ఆస్తి అయింది. కనీసం కాగితం మీద. పదేళ్ళు తిరిగేసరికి సోవియట్ ప్రభుత్వానికి విదేశీ మారకం అవసరం పడింది. మొదటి పంచవర్ష ప్రణాళిక, ఫ్యాక్టరీలు, యంత్రాలు. 1928 నుంచి మ్యూజియం గోడల మీంచి బొమ్మలు దింపడం మొదలుపెట్టారు. బహిరంగంగా కాదు, గుట్టుచప్పుడు కాకుండా. కొన్నవాళ్ళలో చెప్పుకోదగ్గవాడు ఆండ్రూ మెలన్. అప్పట్లో ఆయన సాక్షాత్తూ అమెరికా ఆర్థికమంత్రి! సోవియట్ యూనియన్‌ని అమెరికా ఇంకా అధికారికంగా గుర్తించనే లేదు. అలాంటి సమయంలో ఆయన 1930, 31 సంవత్సరాల్లో దళారుల ద్వారా 21 చిత్రాలు, దాదాపు 66 లక్షల డాలర్లు పోసి కొన్నాడు. రాఫెల్ గీసిన ఆల్బా మడోన్నా ఒక్కదానికే 11 లక్షల 66 వేల డాలర్లు. మనం ఇందాక చెప్పుకున్న లార్డ్ వార్టన్ కుర్రాడు కూడా ఆ మూటలోనే ఉన్నాడు.

అవే 21లో రాఫెల్ గీసిన ఇంకో చిత్రం ఉంది, గుర్రం మీద సెయింట్ జార్జి ఘటసర్పాన్ని పొడుస్తున్నది. దాని ప్రయాణం వినండి. ఇటలీలో పుట్టింది. ఇంగ్లండులో మొదటి చార్లెస్ చేతికొచ్చింది, హోల్బైన్ గీసిన చిత్రాల పుస్తకం ఒకటి బదులిచ్చి మరీ తెచ్చుకున్నాడు. రాజు పోయాక అమ్మకంలో ఫ్రాన్స్ చేరింది. అక్కడ క్రొజా అనే ధనికుల ఇంట్లో ఉండి, 1772లో కేథరిన్ కొంటే రష్యా వెళ్ళింది. 1931లో మెలన్ కొంటే అమెరికా చేరింది. ఆన్‌సైట్ మీద వర్జీనియాలో ఉన్న రోజుల్లో ఒక శనివారం వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీకి వెళ్ళి చూశాను. ఎంత ఉందనుకున్నారు? మన ప్రింటర్లో పెట్టే ఏ4 కాగితం అంత! ముగ్గురు రాజుల కథ మోసిన బొమ్మని లాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోవచ్చు. దాని ముందు ఎవరో ఒకావిడ పిల్లాడిని ఎత్తుకుని "గుర్రం చూడు, గుర్రం చూడు" అని చూపిస్తోంది. ప్రవేశ రుసుము లేదు. నన్నెవరూ ఏ దేశం వాడివని అడగలేదు.

మెలన్ మీద పన్ను ఎగవేత కేసు నడుస్తుండగానే, 1936 చివర్లో, ఆయన తన బొమ్మలన్నీ దేశానికిచ్చి, గ్యాలరీ కూడా కట్టిస్తానని ప్రెసిడెంట్ రూజ్వెల్ట్‌కి ఉత్తరం రాశాడు. గ్యాలరీకి తన పేరు పెట్టొద్దన్నాడు. 1937లో ఆయన పోయాడు, 1941 మార్చిలో గ్యాలరీ తెరిచారు. కథ సుఖాంతం అయింది కదా, మరి సోవియట్ అమ్మకం మీద నీ అభ్యంతరం ఏమిటి అంటారా?

అభ్యంతరం ఏమిటంటే, సుఖాంతం అయింది అదృష్టం వల్ల. మెలన్ వాటిని తన ఇంటి గోడలకే ఉంచేసుకుని ఉంటే అడిగే నాథుడు లేడు. హౌటన్ బొమ్మలు ఒక కుటుంబానివి, వాళ్ళు అమ్ముకున్నారు. హెర్మిటేజ్ బొమ్మలు అప్పటికే ఒక ఊరి జనం వెళ్ళి చూసుకుంటున్నవి. ఇంట్లోది అమ్ముకోవడానికీ, ఊరుమ్మడిది రాత్రికి రాత్రి అమ్మేయడానికీ తేడా ఉంది. తలుపు ఒకసారి జనానికి తెరిచాక, దాన్ని మూసే హక్కు ఎవరికీ ఒంటరిగా ఉండకూడదు. అదీ నా వాదన.

అప్పుడు కూడా ఒక చిక్కు ప్రశ్న మిగులుతుంది. జనం ఆకలితో ఉంటే? ఈ ప్రశ్న నిజంగానే ఎదురైన ఊరు డెట్రాయిట్. 2013 జూలైలో ఆ నగరం దివాలా పిటిషన్ వేసింది. అప్పు దాదాపు 1800 కోట్ల డాలర్లు. అక్కడి ఆర్ట్ మ్యూజియంలో ఉన్న బొమ్మలు నగరపాలక సంస్థవే. అప్పులవాళ్ళు ఊరుకుంటారా? బొమ్మలు అమ్మి మా బాకీ తీర్చండి అన్నారు. క్రిస్టీస్ వేలం కంపెనీ వాళ్ళొచ్చి, నగరం సొమ్ముతో కొన్నవాటికి 45 కోట్ల నుంచి 87 కోట్ల డాలర్ల దాకా వస్తుందని లెక్కకట్టారు. ఇంకోవైపు పెన్షన్లకి కోత పడుతుందని భయపడుతున్న వేలమంది. చెత్త ఎత్తినవాళ్ళు, బస్సులు నడిపినవాళ్ళు, గుమాస్తాలు. మళ్ళీ మన ప్లంబరే, మూడువందల అరవై ఏళ్ళ తర్వాత!

ఇక్కడ బొమ్మలే ముఖ్యం అని తేలిగ్గా అనేవాళ్ళంటే నాకు కొంచెం చికాకు. ముప్ఫై ఏళ్ళు చాకిరీ చేసిన ముసలాయన మందుల డబ్బు ముందు ఏ బ్రూగెల్ అయినా తలవంచుకోవాల్సిందే. కానీ డెట్రాయిట్ వాళ్ళు చేసిన పని చూడండి. కోర్టులో, అందరి ముందూ, నెలల తరబడి వాదించుకున్నారు. చివరికి ధర్మసంస్థలు, రాష్ట్ర ప్రభుత్వం, మ్యూజియం దాతలు కలిసి ఇరవై ఏళ్ళలో 80 కోట్ల డాలర్లకు పైగా పెన్షన్ నిధికి ఇచ్చేటట్టు, బదులుగా బొమ్మలని నగరం చేతిలోంచి తీసి ఒక ధర్మసంస్థకి అప్పగించేటట్టు ఒప్పందం కుదిరింది. 2014 నవంబరులో జడ్జి ఆమోదించాడు. మామూలు ఉద్యోగుల పెన్షన్‌లో 4.5 శాతం కోత పడింది, ధరలతోపాటు పెరగాల్సిన పెంపు ఆగిపోయింది. అందరికీ న్యాయం జరిగిందని నేననను. కానీ ఎవరికి ఎంత నష్టమో అందరికీ తెలిసేట్టు జరిగింది. లెనిన్‌గ్రాడ్‌లో జరగనిది అదే.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఇంకో కథ నడిచింది. సాల్వతోర్ ముండి అనే క్రీస్తు బొమ్మ 2005లో అమెరికాలో న్యూ ఆర్లియన్స్‌లో ఒక వేలంలో 1,175 డాలర్లకు అమ్ముడుపోయింది. దాన్ని శుభ్రం చేసి, బాగుచేసి, ఇది లియొనార్డో డావించీదే అన్నారు (కాదనే పండితులూ చాలామందే ఉన్నారు). 2017లో క్రిస్టీస్ వేలంలో 45 కోట్ల డాలర్లకు అమ్ముడై రికార్డు సృష్టించింది. ఆ తర్వాత దాన్ని ఏ మ్యూజియంలోనూ జనానికి చూపించలేదు. నా దృష్టిలో ఏడవాల్సింది దీనికి. బొమ్మ దేశం దాటడం నష్టం కాదు. బొమ్మ కళ్ళ ముందు నుంచి మాయమవడం నష్టం.

ఇక మా వృత్తికి దగ్గరైన విషయం ఒకటి. ఇన్ని చేతులు మారినా ఏ బొమ్మ ఎక్కడిదో మనకి ఎలా తెలుస్తోంది? జాబితాల వల్ల. మొదటి చార్లెస్ దగ్గర అబ్రహాం వాన్ డెర్ డోర్ట్ అని ఒక డచ్చి మనిషి బొమ్మల బాగోగులు చూసేవాడు. ప్రతి బొమ్మ ఏ గదిలో ఉంది, ఎంత కొలత, ఎవరిచ్చారు, పాడైతే ఎక్కడ పాడైంది, అన్నీ 1639 ప్రాంతంలో రాసిపెట్టాడు. పాపం, రాజుగారికి ఇష్టమైన ఒక చిన్న బొమ్మ ఎక్కడ దాచాడో కనపడక, ఏం సమాధానం చెప్పాలో తెలియక 1640లో ప్రాణం తీసుకున్నాడని ఆనాటివాళ్ళు చెప్పుకున్నారు. రాజు ఇంకో తొమ్మిదేళ్ళకు పోయాడు, రాజమహలు 1698లో తగలబడింది. ఆ గుమాస్తా రాసిన జాబితా మాత్రం ఉంది. 2018లో లండన్ రాయల్ అకాడమీలో చార్లెస్ బొమ్మలని 140 దాకా ఒకచోట చేర్చి ప్రదర్శన పెట్టగలిగారంటే దాని వెనక ఈయన రాత ఉంది.

హౌటన్ కథలోనూ అంతే. రాబర్ట్ వాల్పోల్ చిన్న కొడుకు హోరేస్, తండ్రి పోయిన రెండు మూడేళ్ళలోపే బంగళాలో ఏ గదిలో ఏ బొమ్మ ఉందో పుస్తకంగా అచ్చు వేయించాడు. బొమ్మలకి ముద్రణ ప్రతులు చెక్కించి జాన్ బాయ్‌డెల్ అనే ప్రచురణకర్త 1788లో తెచ్చాడు. మా భాషలో చెప్పాలంటే ఒకటి డాక్యుమెంటేషన్, ఇంకోటి బ్యాకప్. ఆ మరుసటి ఏడు, 1789లో, హౌటన్‌లో నిప్పంటుకుని బొమ్మల గ్యాలరీ ఉన్న భాగం కాలిపోయింది! మనవడు అప్పులపాలై అమ్ముకోకపోయుంటే ఆ గ్యాలరీ బొమ్మలు బూడిదై ఉండేవి. ఇప్పుడు చెప్పండి, జాతికి అవమానం ఏది? 2013లో హెర్మిటేజ్ నుంచి అరవైకి పైగా బొమ్మలు అరువు మీద వచ్చి, పాత నక్షాల ప్రకారం అవే గోడల మీద కొన్ని నెలలు వేలాడాయి. జాబితా ఉంటే పోయినవాళ్ళని కనీసం చుట్టపుచూపుగానైనా పిలవొచ్చు.

ఇదంతా దొరల దేశపు గొడవ, మనకెందుకు అనుకోవద్దు. ఇలాంటి దొరగారు మనకీ ఉన్నాడు. హైదరాబాదులో మూడో సాలార్జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా వస్తువులు కొంటూ గడిపాడు. యూరప్‌లో పాత ఇళ్ళు, పాత వంశాలు అమ్ముకున్న సరుకు దుకాణాలు తిరిగి ఈయన లాంటివాళ్ళ దగ్గరికే చేరేది. పెళ్ళి చేసుకోలేదు, వారసులు లేరు. 1949లో పోయాడు. హౌటన్‌లో జరిగినట్టే ఇక్కడా వేలంపాట పడి, ముక్కలు ముక్కలై చెదిరిపోవడానికి అన్ని హంగులూ ఉన్నాయి. పడలేదు. 1951 డిసెంబరులో దివాన్ దేవిడీలోనే మ్యూజియంగా తెరిచారు. 1958లో బంధువులు హైకోర్టు ద్వారా రాజీపడి సేకరణని ప్రభుత్వానికి వదిలారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. 1777లో విల్క్స్ లండన్‌లో అడిగి భంగపడ్డదాన్ని మనవాళ్ళు హైదరాబాదులో చేసి చూపించారు. మనం మాత్రం గంటల గడియారం చూసేసి, ముసుగు రెబెకా ముందు నిలబడి ఫోటో దిగి బయటికొచ్చేస్తాం :(

అమరావతి శిల్పాల సంగతేమిటి, అవి లండన్‌లో ఉంటే మంచిదేనా అని ఎవరైనా అడిగేలోపే చెప్తున్నా. అది వేరే కేసు. అక్కడ అమ్మినవాడు లేడు, అడిగినవాడు లేడు. పరాయి పాలకులు తవ్వి, మద్రాసు మీదుగా ఓడెక్కించారు. దివాలా తీసి అమ్ముకోవడానికీ, అడగకుండా పట్టుకుపోవడానికీ ఒకే సూత్రం వర్తించదు. హౌటన్ కథ చెప్పి అమరావతిని సమర్థించేవాళ్ళతో నాకు పొత్తు లేదు.

చివరగా చెప్పొచ్చేదేంటంటే, ఏ సేకరణా ఆకాశం నుంచి ఊడిపడలేదు. ప్రతి సేకరణా అంతకు ముందు చెదిరిపోయిన ఇంకో సేకరణే. కాబట్టి బొమ్మ ఎవరి ఇంట్లోంచి పోయిందా అని కాదు, మూడు ప్రశ్నలు అడుగుదాం. అమ్మినవాడికి అమ్మే హక్కు ఉందా? అది ఎక్కడుందో రాసి ఉందా? తలుపు తెరిచి ఉందా? మూడింటికీ అవును అనే జవాబొస్తే, బొమ్మ వాషింగ్టన్‌లో ఉన్నా మాడ్రిడ్‌లో ఉన్నా హైదరాబాదులో ఉన్నా నాకు ఒకటే. ఏ ఒక్కదానికి కాదు అనొచ్చినా, అది పుట్టిన ఊళ్ళోనే, పుట్టిన గోడ మీదే ఉన్నా సరే, పోయినట్టే లెక్క.

మీరేమంటారు?